ఫంక్షన్ సంక్లిష్టత – కొలమానాలు, రీఫ్యాక్టరింగ్: స్వరసంధి ప్రోగ్రాము ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం: ప్రోగ్రాములోని ఒక ఫంక్షన్ ఎంత సంక్లిష్టమైనదో సంఖ్యారూపంలో చెప్పే కొలమానాలు 1970ల నుంచి వాడుకలో ఉన్నాయి. వాటిలో ప్రధానమైన సైక్లోమాటిక్ సంక్లిష్టత, కాగ్నిటివ్ సంక్లిష్టత అనే రెండింటిని ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు స్వరసంధిని కలిపే ఒక చిన్న ఫంక్షన్‌ను నమూనాగా తీసుకుని, దాన్ని కొలిచి, ప్రవర్తన మారకుండా తిరిగి రాసి, రెండు రూపాలను పోలుస్తుంది. వ్యాకరణసూత్రాన్ని ఎరిగిన పాఠకుడు కోడ్‌లో ఆ సూత్రాన్ని గుర్తించగలడా అనే ప్రశ్నకు ఈ సంఖ్యలు ఎంతవరకు సమాధానం ఇస్తాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైక్లోమాటిక్ సంక్లిష్టత, కాగ్నిటివ్ సంక్లిష్టత, రీఫ్యాక్టరింగ్, స్వరసంధి, బాలవ్యాకరణం, బహుళం, యడాగమం.

1. ప్రవేశిక

అక్షరదోషాలను పట్టే ఉపకరణాలు, పదరూప విశ్లేషకాలు, సంధులను కలిపే, విడదీసే ప్రోగ్రాములు తెలుగు పరిశోధనలో ఇప్పుడు కొత్తవి కావు. ఒక సిద్ధాంతగ్రంథం తన ప్రోగ్రాము బాలవ్యాకరణాన్ని అనుసరించి పనిచేస్తుందని ప్రకటించినప్పుడు, ఆ ప్రకటన నిజమో కాదో తేల్చవలసిన బాధ్యత పరీక్షకునిది. ఫలితాల పట్టిక ఒక్కటే చూసి దాన్ని తేల్చడం కుదరదు. పట్టికలో లేని పదం దగ్గర ప్రోగ్రాము ఏం చేస్తుందో కోడ్ మాత్రమే చెబుతుంది. అయితే వ్యాకరణం తెలిసినవారు కోడ్ తెరిచేసరికి అయిదారు మెట్లు లోపలికి దిగిన షరతుల మధ్య చిన్నయసూరి సూత్రం ఎక్కడుందో కనిపించదు. కోడ్ రాసినవారికి సూత్రం పూర్తిగా తెలియదు, సూత్రం తెలిసినవారికి కోడ్ చదవడం సాధ్యం కాదు. తప్పు ఈ రెండింటి మధ్య నిలిచిపోతుంది.

కోడ్ చదవడం ఎందుకు కష్టమవుతుంది, ఆ కష్టాన్ని కొలవవచ్చా, తగ్గించవచ్చా అన్నవి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో అర్ధశతాబ్దంగా చర్చలో ఉన్న ప్రశ్నలు. పరిభాష విషయంలో ఒక మాట. గణితపాఠ్యపుస్తకాలు 'ప్రమేయం' అనే మాటను వాడుతున్నా, ప్రోగ్రామర్ల వ్యవహారంలో 'ఫంక్షన్' స్థిరపడింది. అందువల్ల ఈ వ్యాసంలో ఆ మాటనే గ్రహించడం జరిగింది.

2. నమూనా ఫంక్షన్

రెండు పదాలను తీసుకుని, వాటి సంధిరూపాన్ని ఇచ్చే ఫంక్షన్ ఇది. ద్రుతప్రకృతికాలను, సంస్కృతసంధులను, ఉకారసంధికి ఉన్న మినహాయింపులను పక్కనపెట్టి, చర్చకు సరిపడేంత మేరకే సూత్రాలను తీసుకోవడం జరిగింది. ఉకారానికి సంధి నిత్యం. ఏమ్యాదుల ఇకారానికి వైకల్పికం. క్త్వార్థక ఇకారానికి సంధి లేదు. అకారానికి బహుళం. సంధి లేనిచోట యడాగమం. అనుభవం తక్కువ ఉన్న ప్రోగ్రామరు దీన్ని సాధారణంగా ఈ తీరులో రాస్తాడు:

```
ఫంక్షన్ సంధి(పూర్వపదం, పరపదం)
    పరపదం అచ్చుతో మొదలైతే
        పూర్వపదం ఉకారాంతమైతే
            ఫలితం = ఏకాదేశం
        లేకపోతే
            పూర్వపదం ఇకారాంతమైతే
                పూర్వపదం క్త్వార్థకమైతే
                    ఫలితం = యడాగమం
                లేకపోతే
                    పూర్వపదం ఏమ్యాదుల్లో ఉంటే
                        ఫలితం = ఏకాదేశం, యడాగమం
                    లేకపోతే
                        ఫలితం = యడాగమం
            లేకపోతే
                పూర్వపదం అకారాంతమైతే
                    ఈ జంట జాబితాలో ఉంటే
                        ఫలితం = ఏకాదేశం, యడాగమం
                    లేకపోతే
                        ఫలితం = యడాగమం
                లేకపోతే
                    ఫలితం = యడాగమం
    లేకపోతే
        ఫలితం = విడిపదాలు
    ఫలితం ఇవ్వు
```

ఈ ఫంక్షన్ తప్పు చేయదు. తనకు నిర్దేశించిన పరిధిలో సరైన రూపాలనే ఇస్తుంది. చిక్కంతా చదవడంలోనే ఉంది. చివరినుంచి మూడో 'లేకపోతే' ఏ షరతుకు సంబంధించినదో చెప్పడానికి వేలితో గీత గీసుకుంటూ పైకి వెళ్లవలసి వస్తుంది.

3. దారులను లెక్కించే కొలత

థామస్ మెకేబ్ 1976 డిసెంబరులో ఐ.ఇ.ఇ.ఇ. ట్రాన్సాక్షన్స్ ఆన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పత్రికలో ప్రచురించిన వ్యాసం సైక్లోమాటిక్ సంక్లిష్టతకు మూలం. ప్రోగ్రాము ప్రవాహాన్ని ఒక గ్రాఫ్‌గా గీసి, అంచుల సంఖ్య నుంచి శీర్షాల సంఖ్యను తీసివేసి, రెండు కలిపితే వచ్చేది ఈ సంఖ్య. గ్రాఫ్ గీయనక్కరలేని సులభమార్గం కూడా ఉంది. ఫంక్షన్‌లో ఎన్ని నిర్ణయాలున్నాయో లెక్కించి ఒకటి కలిపితే చాలు. పై నమూనాలో ఏడు షరతులున్నాయి కనుక దాని సంఖ్య 8.

ఈ సంఖ్యకు ఒక ప్రయోజనం స్పష్టంగా ఉంది. ఫంక్షన్‌లోని స్వతంత్రమైన దారుల సంఖ్య ఇదే కనుక, పరీక్షకు కనీసం ఎన్ని ఉదాహరణలు సమకూర్చుకోవాలో ఇది చెబుతుంది. మెకేబ్ ఉద్దేశం కూడా ప్రధానంగా ఇదే. పది దాటిన ఫంక్షన్‌ను విడగొట్టడం మంచిదని ఆయన సూచించాడు. ఆ పదిలో మహిమ ఏమీ లేదని కూడా ఆయనే చెప్పాడు. అనేక స్వతంత్ర ప్రత్యామ్నాయాలు వరుసగా వచ్చే ఎంపికనిర్మాణానికి ఈ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చాడు. తరువాతి కాలంలో ఈ కొలమానాన్ని ఉపకరణాలలో చేర్చిన చాలామంది పదిని నిలుపుకుని, మినహాయింపును మరిచారు.

మెకేబ్ తరువాతి సంవత్సరం, 1977లో, మారిస్ హాల్‌స్టెడ్ మరో దారి పట్టాడు. ఆయన ప్రోగ్రామును ఒక పాఠంగా చూసి, అందులోని క్రియాచిహ్నాలను, వాటికి లోబడే పదాలను లెక్కించి, మొత్తం పొడవు, భిన్నపదాల సంఖ్య ఆధారంగా ప్రోగ్రాము పరిమాణాన్ని లెక్కగట్టాడు. సాహిత్యపరిశోధనలో పదజాలవైవిధ్యాన్ని కొలిచే పద్ధతులు తెలిసినవారికి ఇది పరిచితంగానే తోస్తుంది. అయితే నేటి నిత్యవ్యవహారంలో హాల్‌స్టెడ్ కంటే మెకేబ్ సంఖ్యే ఎక్కువగా నిలిచింది. పైథాన్‌లో రాడాన్ అనే ఉపకరణం ఈ సంఖ్యను లెక్కించి, అయిదు వరకు ఉన్నవాటికి ఉత్తమశ్రేణిని, నలభై దాటినవాటికి అధమశ్రేణిని ఇస్తుంది.

మెకేబ్ కొలమానంపై విమర్శలు లేకపోలేదు. మార్టిన్ షెపర్డ్ 1988లో ప్రచురించిన విమర్శలో దీని సైద్ధాంతిక పునాదిని ప్రశ్నించాడు. చాలా సందర్భాల్లో ఇది వరుసల సంఖ్య చెప్పేదాని కంటే పెద్దగా ఏమీ చెప్పదని వాదించాడు. ప్రస్తుత నమూనా విషయంలో ఆ విమర్శ కంటే ప్రత్యక్షమైన లోపమే కనిపిస్తుంది. మెకేబ్ లెక్కన ఎనిమిది పది కంటే తక్కువ కాబట్టి ఈ ఫంక్షన్‌లో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. కాని చదివినవాడికి ఆక్షేపణ ఉంది. ఏడు షరతులు ఒకదాని తరువాత ఒకటి వరుసగా ఉన్నా, ఒకదాని కడుపులో ఒకటి ఉన్నా మెకేబ్ సంఖ్య ఒక్కటే.

4. చదువరి భారాన్ని లెక్కించే కొలత

ఈ లోపాన్ని పూరించడానికి సోనార్‌సోర్స్ సంస్థకు చెందిన జి. ఆన్ క్యాంప్‌బెల్ కాగ్నిటివ్ సంక్లిష్టత అనే కొలమానాన్ని ప్రతిపాదించింది. దాని ప్రకారం కోడ్ పైనుంచి కిందికి సాగే వరుస ఎక్కడ తెగితే అక్కడ ఒకటి చేరుతుంది. ఆ తెగడం మరొక షరతు లోపల జరిగితే, ఎన్ని మెట్లు లోపల ఉందో అన్ని అదనంగా చేరతాయి. 'లేకపోతే'కు ఒకటి మాత్రమే, లోతు అదనం లేదు.

నమూనాకు ఈ లెక్క వర్తింపజేస్తే, షరతుల వంతు వరుసగా 1, 2, 3, 4, 5, 4, 5. కూడితే 24. ఏడు 'లేకపోతే'లకు 7. మొత్తం 31. సోనార్ ఉపకరణాలలో ఈ కొలమానానికి ముందుగా అమర్చి ఉండే హద్దు సాధారణంగా 15. మెకేబ్ నిరభ్యంతరంగా వదిలిన ఫంక్షన్ ఇక్కడ హద్దుకు రెండింతలు దాటింది.

ఇక్కడ ఒక చిన్న పరిశీలన అవసరం. 'లేకపోతే' కింద కొత్త షరతును మరో మెట్టు లోపలికి జరిపి రాయకుండా, 'లేక ఫలానా అయితే' అని అదే మెట్టులో రాసే వెసులుబాటు దాదాపు అన్ని ప్రోగ్రామింగ్ భాషల్లోనూ ఉంది. ఈ ఒక్క మార్పుతోనే 31 కాస్తా 16కు దిగుతుంది. ఒక్క సూత్రాన్నీ కదపలేదు, కొత్త ఫంక్షన్ ఒక్కటీ రాయలేదు. సంక్లిష్టతలో సగం వ్యాకరణానిది కాదని, రాతతీరుదని దీనివల్ల తేలుతుంది. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1986 నాటి ప్రసిద్ధవ్యాసంలో విషయానికి సహజమైన సంక్లిష్టతను, సాధనాల వల్ల, పద్ధతుల వల్ల వచ్చి చేరిన సంక్లిష్టతను వేరుచేశాడు. అకారసంధి బహుళం కావడం మొదటి కోవకు చెందింది. దాన్ని ఏ ప్రోగ్రామరూ తగ్గించలేడు, తగ్గించానంటే సూత్రాన్ని వదిలేశాడని అర్థం.

కాగ్నిటివ్ సంక్లిష్టత పేరులో మనోవ్యాపారం ఉన్నా, అది ప్రయోగాల నుంచి పుట్టిన కొలత కాదు, ప్రోగ్రామర్ల అనుభవం ఆధారంగా ఏర్పరిచిన నియమావళి. దాన్ని పాఠకులపై పరీక్షించే పని తరువాత జరిగింది. మున్యోజ్ బారోన్, విరిష్, వాగ్నర్ 2020లో వెలువరించిన అధ్యయనంలో, ఈ సంఖ్యకూ కోడ్ అర్థం చేసుకోవడానికి పట్టే సమయానికీ, పాఠకులు స్వయంగా చెప్పిన కష్టానికీ పొంతన కనిపించింది. అర్థం చేసుకున్నది సరైనదా కాదా అన్న విషయంలో మాత్రం ఫలితాలు మిశ్రమంగా వచ్చాయి. అంతకుముందు 2017లో స్కలాబ్రినో, అతని సహపరిశోధకులు 121 కొలమానాలను పరిశీలించి, వాటిలో ఏ ఒక్కటీ సుబోధతను పట్టుకోలేకపోయిందని తేల్చారు. కనుక 31 అనే సంఖ్యను రోగనిర్ధారణగా కాక, జ్వరమానిని సూచించిన అంకెగా తీసుకోవడం యుక్తం.

5. ప్రవర్తన మారకుండా తిరిగి రాయడం

రీఫ్యాక్టరింగ్ అంటే ప్రోగ్రాము బయటికి కనిపించే ప్రవర్తనను మార్చకుండా లోపలి నిర్మాణాన్ని మార్చడం. విలియం ఆప్‌డైక్ 1992లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం దీనిపై తొలి సమగ్రపరిశోధనలలో ఒకటి. మార్టిన్ ఫౌలర్ 1999 నాటి గ్రంథంతో ఇది ప్రోగ్రామర్ల నిత్యవ్యవహారంలోకి వచ్చింది. నిర్వచనంలోని మొదటి సగాన్ని మరిచినవారు కోడ్‌ను 'బాగుచేసే' ఊపులో సూత్రాన్ని కూడా మార్చివేస్తారు.

ప్రవర్తన మారలేదని చెప్పడానికి ముందు ప్రవర్తన ఏమిటో నమోదు కావాలి. మైకేల్ ఫెదర్స్ 2004లో పాతకోడ్ గురించి రాసిన గ్రంథంలో ఈ క్రమాన్నే నొక్కిచెప్పాడు. మెకేబ్ సంఖ్య ఇక్కడ అక్కరకు వస్తుంది. ఎనిమిది దారులకు ఎనిమిది జంటలు కావాలి. రాముడు, వచ్చె అనేవి విడిగానే నిలుస్తాయి. రాముడు + అతడు = రాముడతడు. వచ్చి + ఇచ్చెను = వచ్చియిచ్చెను. ఏమి + అంటివి = ఏమంటివి, ఏమియంటివి. హరి + ఇతడు = హరియితడు. మేన + అల్లుడు = మేనల్లుడు, మేనయల్లుడు. అమ్మ + ఇచ్చెను = అమ్మయిచ్చెను. మా + అమ్మ = మాయమ్మ. ఈ ఎనిమిదింటిని కోడ్ ముట్టుకోకముందే రాసిపెట్టుకుని, ప్రతి చిన్న మార్పు తరువాత తిరిగి నడపాలి. వ్యాకరణాధ్యాపకుడు కోడ్ ఒక్క వరుస కూడా చదవకుండా సహకరించగల పని ఇది.

తిరిగి రాసిన రూపం ఇలా ఉంటుంది:

```
ఫంక్షన్ సంధి(పూర్వపదం, పరపదం)
    పరపదం హల్లుతో మొదలైతే      విడిపదాలు ఇవ్వు
    పూర్వపదం ఉకారాంతమైతే      ఏకాదేశం ఇవ్వు
    పూర్వపదం ఇకారాంతమైతే      ఇకారసంధి ఇవ్వు
    పూర్వపదం అకారాంతమైతే      అకారసంధి ఇవ్వు
    యడాగమం ఇవ్వు

ఫంక్షన్ ఇకారసంధి(పూర్వపదం, పరపదం)
    పూర్వపదం క్త్వార్థకమైతే      యడాగమం ఇవ్వు
    పూర్వపదం ఏమ్యాదుల్లో ఉంటే    ఏకాదేశం, యడాగమం ఇవ్వు
    యడాగమం ఇవ్వు

ఫంక్షన్ అకారసంధి(పూర్వపదం, పరపదం)
    ఈ జంట జాబితాలో ఉంటే       ఏకాదేశం, యడాగమం ఇవ్వు
    యడాగమం ఇవ్వు
```

జరిగిన మార్పులు రెండే. తేలిపోయిన సందర్భాన్ని వెంటనే ముగించి బయటికి పంపడం ఒకటి. ఇకార, అకారాల విచారణను వేర్వేరు ఫంక్షన్‌లుగా విడదీయడం మరొకటి. ఒక ఫంక్షన్‌కు ఒకే నిష్క్రమణ ఉండాలనే పాత నియమాన్ని పాటించేవారు మొదటి మార్పును ఒప్పుకోరు. పెద్ద ఫంక్షన్‌ల మధ్యలో ఎక్కడో దాగిన నిష్క్రమణ ప్రమాదకరమన్నది నిజమే. అయిదు వరుసల్లో అన్నీ ఎదురుగానే కనిపిస్తున్నప్పుడు ఆ భయానికి చోటు లేదు.

ఇప్పటి కాగ్నిటివ్ సంఖ్యలు 4, 2, 1. మొత్తం 7. మెకేబ్ సంఖ్యలు 5, 3, 2. వీటి మొత్తం 10, అంటే మునుపటి 8 కంటే ఎక్కువ. ప్రతి ఫంక్షన్‌కు ఒకటి చొప్పున కలపడం వల్ల ఆ రెండు అదనం వచ్చాయి. నిర్ణయాలు ఏడు మునుపూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. వ్యాకరణం ఒక్క రవ్వ కూడా సులభం కాలేదు. ఒక వరుస చదివేటప్పుడు పై షరతులన్నీ తలలో మోయవలసిన అవసరం మాత్రం తొలగింది. ఇదే ఉత్సాహంతో ప్రతి షరతుకూ ఒక ఫంక్షన్ రాస్తూ పోతే, పాఠకుడు ఏడు చోట్లకు దూకవలసి వస్తుంది. సంఖ్యలు ఇంకా చిన్నవవుతాయి కాని, చదవడం మళ్లీ కష్టమవుతుంది.

6. కొత్త సూత్రం చేరినప్పుడు

క్రియాపదాల చివరి ఇకారానికి సంధి వైకల్పికం. వచ్చిరి + అపుడు అన్నప్పుడు వచ్చిరపుడు, వచ్చిరియపుడు అని రెండు రూపాలు. దీన్ని చేర్చాలంటే మొదటి రూపంలో మూడు వేర్వేరు మెట్లలో ఎక్కడైనా చేర్చవచ్చు. ఏది సరైనదో తెలియాలంటే మొత్తం ఫంక్షన్ చదవాలి. రెండో రూపంలో ఇకారసంధి అనే నాలుగు వరుసల ఫంక్షన్ తెరిస్తే చాలు. ఒక వరుస చేరుతుంది, మెకేబ్ సంఖ్య మూడు నుంచి నాలుగవుతుంది.

ఆ వరుస స్థానం మాత్రం కీలకం. పదరూప విశ్లేషకం 'వచ్చిరి'ని, 'వచ్చి'ని రెండింటినీ క్రియ అనే గుర్తుతోనే అందిస్తే, కొత్త వరుసను క్త్వార్థకం కంటే పైన రాసిన ప్రోగ్రాము 'వచ్చిచ్చెను' అనే రూపాన్ని పుట్టిస్తుంది. అపవాదాన్ని ఉత్సర్గం మింగివేస్తుంది. రెండు స్థానాల్లోనూ కాగ్నిటివ్ సంఖ్య 3, మెకేబ్ సంఖ్య 4. తప్పొప్పుల తేడా ఏ కొలమానానికీ కనబడదు. ముందే రాసిపెట్టుకున్న ఎనిమిది జంటల్లో మూడోది దీన్ని వెంటనే పట్టుకుంటుంది.

7. పట్టికలోకి తరలిన సంక్లిష్టత

సూత్రాలు పదులకొద్దీ పెరిగితే షరతులకు బదులు సూత్రాలన్నింటినీ ఒక పట్టికలో పెట్టి, పైనుంచి వరుసగా చూస్తూ, ఈ జంటకు వర్తించిన మొదటి సూత్రాన్ని అమలుచేయడం ప్రోగ్రామర్లకు ఇష్టమైన పద్ధతి. అప్పుడు ఫంక్షన్‌లో మిగిలేవి ఒక ఆవృత్తి, ఒక షరతు. మెకేబ్ లెక్కన మూడు, కాగ్నిటివ్ లెక్కన కూడా మూడే. సూత్రాలు పదయినా నూరయినా ఈ అంకెలు కదలవు. సంక్లిష్టత పోలేదు, కొలత చూడని చోటికి తరలింది.

ఇది దోషమేమీ కాదు. వ్యాకరణవేత్త దృష్టిలో చూస్తే ఇదే మేలు, పట్టిక అతనికి అలవాటైన రూపం. కాని పట్టికలోని క్రమానికి ఇప్పుడు అర్థం ఏర్పడింది. అష్టాధ్యాయి 1.4.2 సూత్రం ప్రకారం తుల్యబలం గల రెండు విధులు ఒకేచోట ప్రసక్తిస్తే తరువాతిదే నిలుస్తుంది. పైన చెప్పిన పట్టికలో ముందున్నది నిలుస్తుంది. పాణినీయసంప్రదాయంలో శిక్షణ పొందిన పాఠకుడు ఏ వివరణా లేకుండా ఈ పట్టికను చదివితే, సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. 'ముందున్న సూత్రానిదే ప్రాబల్యం' అన్న ఒక్క వ్యాఖ్యావాక్యం పట్టిక నెత్తిన ఉండాలి. సూత్రలాఘవం కోరిన సంప్రదాయమే వృత్తిని, భాష్యాన్ని కూడా పెంచుకుంది. కోడ్‌లో లాఘవం కోరేవారు ఈ రెండో భాగాన్ని తరచు పట్టించుకోరు.

8. కొలమానం చూడనివి

పేర్లు మొదటివి. 'ఏమ్యాదుల్లో ఉంటే' అన్నచోట 'షరతు2 నిజమైతే' అని రాసినా రెండు సంఖ్యలూ మారవు. పైథాన్ మూడో రూపం నుంచి పేర్లను తెలుగులిపిలోనే రాయవచ్చు. వ్యాకరణపరిభాషను రోమన్ లిపిలోకి లాగి వికృతం చేసుకోవలసిన అవసరం లేదు. ఒక జాగ్రత్త కావాలి. పొల్లును విడిగా చూపడానికి తెలుగు టైపింగులో చేరే కంటికి కనబడని వియోజకాన్ని పలు పైథాన్ రూపాలు పేర్లలో అంగీకరించవు. 'లిస్ట్‌లో' వంటి పేరు వాటిలో దోషమవుతుంది. 'జాబితాలో'కు ఆ చిక్కు లేదు.

లిపికి సంబంధించిన తనిఖీలు రెండోవి. యూనికోడ్‌లో ఉకారానికి, ఇకారానికి గుణింతపు గుర్తులున్నాయి, అకారానికి లేదు. పదం అకారాంతమా అని తెలుసుకోవడానికి చివర గుర్తేదీ లేకుండా హల్లు మాత్రమే ఉందా అని చూడాలి. ఈ తనిఖీని సంధిఫంక్షన్‌లోనే రాస్తే లిపివిచారణ, వ్యాకరణవిచారణ కలగాపులగమవుతాయి. 'అకారాంతమైతే' అన్న పేరు వెనుక దాన్ని విడిగా ఉంచడం వల్లనే పై రూపం వ్యాకరణంలా చదవడానికి వీలైంది.

మూడోది అకారసంధిలోని 'జాబితా'. మూడు ఫంక్షన్‌లలో కెల్లా చిన్నసంఖ్యలు దానివే. మెకేబ్ రెండు, కాగ్నిటివ్ ఒకటి. బహుళానికి నాలుగు ముఖాలున్నాయి. కొన్నిచోట్ల నిత్యం, కొన్నిచోట్ల వైకల్పికం, కొన్నిచోట్ల నిషేధం, 'ఒకానొక' వంటిచోట్ల అన్యకార్యం. పై ఫంక్షన్ వీటిలో వైకల్పికాన్ని, నిషేధాన్ని మాత్రమే పలికింది. మిగిలిన రెండింటికి దానిలో దారే లేదు. లేని దారిని ఏ కొలమానమూ లెక్కించదు. జాబితాలో మేనల్లుడు ఉండి తామరాకు లేకపోతే ప్రోగ్రాము 'తామరయాకు' ఒక్కటే ఇచ్చి ఊరుకుంటుంది, సంఖ్య మాత్రం రెండుగానే ఉంటుంది. ప్రోగ్రామును పరీక్షించడానికి కూర్చున్న వ్యాకరణవేత్త, ఉపకరణం ఎర్రగా చూపిన ఫంక్షన్‌ల కంటే ముందు తెరవవలసింది ఆ జాబితా ఉన్న ఫైలును.